ప్రసంగంలో వచనం చదువుతూనే ఉన్నాం కదా, మళ్లీ వేరుగా వాక్య పఠనం ఎందుకు?

వందనాలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ సంఘంలో ఆదివారం ఆరాధన దాదాపు మూడు గంటలు నడుస్తుంది. పాటలు, సాక్ష్యాలు, ప్రత్యేక ప్రార్థనలు, కానుకలు, ప్రకటనలు అన్నీ ఉంటాయి. బైబిలు మాత్రం పాస్టర్ గారు ప్రసంగం మొదట్లో చదివే ఒకటి రెండు వచనాలకే పరిమితం. "పాత నిబంధనలోంచి ఒక భాగం, కొత్త నిబంధనలోంచి ఒక భాగం వేరుగా చదివిద్దాం అయ్యగారూ" అని మీరు అడిగితే, "ప్రసంగంలో చదువుతూనే ఉన్నాం కదా, పైగా అందరి చేతుల్లో బైబిళ్లు, ఫోన్లు ఉన్నాయి" అన్నారు. ఎవరి మాట సరైనదని మీరు అడిగారు.

మీ మాటే సరైనదని నా అభిప్రాయం. వాక్య పఠనానికి ఆరాధనలో తనదైన చోటు ఉండాలి. ప్రసంగం ఆ చదివిన భాగంలోంచి పుట్టాలి. ఇప్పుడు మన సంఘాల్లో ఎక్కువగా జరుగుతున్నది దీనికి తిరగబడిన వరస. ప్రసంగం ముందే సిద్ధమైపోతుంది, దానికి సరిపడే వచనాన్ని తర్వాత వెతుకుతారు. అయితే మీ పాస్టర్ గారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. దాని సంగతి కింద చెబుతాను.

నేను సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో ప్రెస్బిటర్‌గా, అంటే పాస్టర్‌గా, పల్లె పాస్టరేట్లలోనూ (ఒక పాస్టర్ కింద ఉండే సంఘాలు), పట్నంలోనూ చాలా ఏళ్లు పనిచేశాను. ఆదివారం బైబిలు పాఠాలు చదివే సంఘస్థులకు తర్ఫీదు ఇచ్చే పని ఇప్పటికీ చేస్తున్నాను. స్వతంత్ర సంఘాలవాళ్లు పిలిచినా వెళ్తాను. కాబట్టి రెండు వైపుల అలవాట్లూ చూసినవాడిగానే రాస్తున్నాను.

ముందు లేఖనం సంగతి. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 4:13 తీసి చూడండి. తాను వచ్చేదాకా మూడు పనుల్లో జాగ్రత్తగా ఉండమంటాడు: చదవడం, హెచ్చరించడం, బోధించడం. ఇందులో చదవడం అంటే తిమోతి తన గదిలో కూర్చుని చేసుకునే ధ్యానం కాదు, సంఘం ముందు బయటికి చదవడం. దాన్ని బోధలో కలిపేయకుండా వేరే పనిగా, అదీ మొదట పెట్టాడు. కొలొస్సయులకు రాసిన పత్రికను లవొదికయ సంఘంలోనూ చదివించమన్నది కూడా ఆయనే (4:16). ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం మూడో వచనంలో ధన్యులని చెప్పినవాళ్లను గమనించండి. చదివేవాడు ఒక్కడు, వినేవాళ్లు అనేకులు. ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవాళ్లు కలిసి వినడం అనే సన్నివేశం ఆ వచనంలోనే ఉంది.

నెహెమ్యా 8వ అధ్యాయం మనవాళ్లందరికీ తెలిసిందే. నీటి గుమ్మం ఎదుటి మైదానంలో, కొయ్య పీఠం మీద నిలబడి ఎజ్రా ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. పురుషులు, స్త్రీలు, గ్రహించగలిగిన వాళ్లందరూ విన్నారు. లేవీయులు జనంలోకి వెళ్లి అర్థం చెప్పారు. పఠనం ఉంది, వివరణా ఉంది. ఒకటి ఉంది కాబట్టి రెండోది అక్కర్లేదని ఎవరూ అనుకోలేదు. నజరేతు సమాజమందిరంలో యేసు ప్రభువు కూడా ముందు నిలబడి యెషయా గ్రంథం చదివాడు. దాన్ని చుట్టి పరిచారకుడి చేతికిచ్చి, కూర్చున్నాక మాట్లాడాడు.

అపొస్తలుల తరువాతి కాలంలోనూ ఇదే వరస. సుమారు 155వ సంవత్సరంలో రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి (తర్వాత హతసాక్షి అయ్యాడు) చక్రవర్తికి రాసుకున్న విజ్ఞాపనలో క్రైస్తవుల ఆదివారం ఎలా ఉంటుందో వర్ణించాడు. పట్నంలోవాళ్లూ పల్లెల్లోవాళ్లూ ఒకచోట కూడుతారు. అపొస్తలుల జ్ఞాపకాలో, ప్రవక్తల రాతలో సమయం ఉన్నంత మేర చదువుతారు. చదివేవాడు ఆపాక అధ్యక్షుడు లేచి, విన్నవాటిని ఆచరించమని హెచ్చరిస్తాడు. తర్వాత అందరూ లేచి ప్రార్థిస్తారు, ఆ తర్వాత రొట్టె, ద్రాక్షారసం. ఇక్కడ చదివేవాడు ఒకడు, మాట్లాడేవాడు వేరొకడు అన్నది నా దృష్టిలో చాలా పెద్ద విషయం.

ఎందుకంటే, పఠనం ప్రసంగీకుడి మీద సంఘానికి ఉన్న అదుపు. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ఏం చదవాలో ముందే తేలిపోయి, వేరొకరి నోట సంఘమంతా ఆ భాగాన్ని విన్నాక, ప్రసంగీకుడు ఇష్టమొచ్చినట్టు మాట్లాడడం కష్టం. "ఆ అధ్యాయంలో ఈ సంగతి లేదే" అని వెనక బెంచీలో ఉన్న ముసలామెకు కూడా తెలిసిపోతుంది. ఒక్క వచనం చదివి బైబిలు మూసేస్తే అలా పోల్చి చూసుకునే అవకాశం ఎవరికీ ఉండదు. ఆయన ఎటు తీసుకెళ్తే అటు వెళ్లడమే.

ఒక ఉదాహరణ చూడండి. జనవరి ఒకటో తేదీ సంఘాల్లో వచనం రాసి పంచే వాగ్దాన కార్డుల మీద యిర్మీయా 29:11 ఎన్నిసార్లు చూసి ఉంటారు? సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అన్న మాట. మంచి మాటే, దేవుని మాటే. కానీ ఆ అధ్యాయం మొదటి నుంచి చదివించండి. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అంటాడు. పదో వచనంలో డెబ్బై ఏళ్లు అంటాడు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరిగి యెరూషలేము ముఖం చూడరు. త్వరలో ఇంటికి వెళ్లిపోతామని చెబుతున్న ప్రవక్తలను నమ్మవద్దని కూడా అందులోనే ఉంది. ఇదంతా విన్నాక "ఈ ఏడాది నీకు ప్రమోషన్, నీకు సొంతిల్లు" అని ఆ వచనం మీద ప్రసంగించగలరా? ఒక కొత్త సంవత్సరం ఆరాధనలో నేను కార్డులు పంచే ముందు 1 నుంచి 14 దాకా చదివించాను. ఆరాధన అయ్యాక, కొడుకు గల్ఫ్‌లో చిక్కుకుపోయి ఏళ్లుగా ఎదురుచూస్తున్న ఒక తల్లి వచ్చి, "ఆ డెబ్బై ఏళ్ల మాట నాకు చెప్పినట్టే ఉందయ్యగారూ" అంది. కార్డు మీద ఆ మాట లేదు.

ఫిలిప్పీయులకు 4:13, నన్ను బలపరచువానియందే సమస్తమూ చేయగలను అన్న మాట, కూడా అంతే. పోటీ పరీక్షలు రాసే పిల్లల పుస్తకాల మీద కనిపిస్తుంది. రెండు వచనాలు వెనక్కి వెళ్తే పౌలు ఆకలి, లేమి గురించి మాట్లాడుతున్నాడు, బంధకాల్లో ఉండి. ఆ పత్రిక మొత్తం 104 వచనాలు. తాపీగా చదివినా పాతిక నిమిషాలు పట్టదు. మన దగ్గర ఒక స్పెషల్ సాంగ్, దాని మీద మాటలు కలిపితే దాదాపు అంత సమయం అవుతుంది.

రెండో కారణం, పాస్టర్లు బయటికి చెప్పుకోనిది. వరసలో వచ్చిన భాగాన్ని చదివి ప్రసంగిస్తే, ఎవరి మీదో గురి పెట్టి వచనం తీశాడన్న అనుమానం రాదు. మన సంఘాల్లో కమిటీ ఎన్నికల కాలం ఎలా ఉంటుందో సంఘంలో పెరిగిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పాస్టరేటులో రెండు వర్గాలు మాటలు మానేసుకున్న రోజుల్లో మాకు వరసగా యాకోబు పత్రిక నడుస్తోంది. నాలుక గురించిన మూడో అధ్యాయం సరిగ్గా ఎన్నికల ముందు ఆదివారం వచ్చింది. ఇరువైపులవాళ్లూ నా దగ్గరికి రుసరుసలాడుతూ వచ్చారు, మమ్మల్నే అన్నారని. పఠనాల పట్టిక గుడి తలుపు పక్కన చాలా వారాల ముందే అంటించి ఉంది. చూపించాను. అదే అధ్యాయం నేను ఆ వారం ఏరుకుని ప్రసంగించి ఉంటే, నా మాట ఎంత సత్యమైనా ఒక వర్గం మనిషిగా మిగిలిపోయేవాణ్ణి.

ఈ విషయంలో చరిత్రలో నాకు బాగా నచ్చిన సంగతి పదహారో శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్‌ది. జెనీవా పట్టణం ఆయన్ని 1538లో వెళ్లగొట్టింది. 1541లో మళ్లీ బతిమాలి పిలిపించుకుంది. తిరిగొచ్చి ప్రసంగ వేదిక ఎక్కిన మనిషి ఏం మాట్లాడతాడో అని ఊరంతా చెవులు రిక్కించి ఉంటుంది కదా. ఆయన పాత పగల ఊసెత్తకుండా, వెళ్లగొట్టినప్పుడు ఎక్కడ ఆపాడో ఆ తర్వాతి భాగం నుంచి వివరించడం మొదలుపెట్టాడు. ఆయన వేదాంతంతో మీకు ఎన్ని పేచీలున్నా ఇది మాత్రం నేర్చుకోవలసిందే. అంతకు ముందే, 1519 జనవరి 1న జ్యూరిక్‌లో జ్వింగ్లీ అనే మరో సంస్కర్త కూడా అప్పటి దాకా నడుస్తున్న ముక్కల పాఠాలను పక్కన పెట్టి మత్తయి సువార్తను మొదటి అధ్యాయం నుంచి వరసగా ప్రసంగించడం మొదలెట్టాడు.

అంటే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, పుస్తకాన్ని వరసగా చదువుకుంటూ పోవడం. రెండోది, సంఘ కాలాన్ని బట్టి పఠనాల పట్టిక అనుసరించడం: క్రిస్మసుకు ముందు ఆగమన కాలం, ఈస్టరుకు ముందు శ్రమల కాలం, ఈస్టరు, పెంతెకొస్తు. మన ఊళ్లలో ఆర్‌సీఎం చర్చి అని పిలుచుకునే కతోలికుల దగ్గర వాళ్ల బిషప్పులు కూడిన రెండో వాటికన్ సభ తర్వాత 1969లో మూడేళ్ల పట్టిక వచ్చింది. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా ముఖ్యంగా చదువుతారు. ఆదివారం పూజలో పాత నిబంధన, కీర్తన, పత్రిక, సువార్త అన్నీ వినిపిస్తాయి. మా సీఎస్‌ఐ 1947లో ఏర్పడ్డాక 1950లో వచ్చిన ప్రభు భోజన క్రమంలో కూడా మూడు పాఠాలు, వెంటనే ప్రసంగం, ఆ తర్వాతే బల్ల. లూథరన్లకూ పట్టిక ఉంది. "కతోలికులది ఆచారం, మాది వాక్యం" అని మైకులో గట్టిగా అనే సంఘాల్లో ఆదివారం చదివే వచనాలు లెక్కపెడితే కొన్నిసార్లు వాళ్లకే ఎక్కువ వస్తాయి. ఇది ఎత్తిపొడుపు అనుకోకండి, ఒకసారి మీరే లెక్కపెట్టి చూడండి.

ఇక మీ పాస్టర్ గారి వైపు న్యాయం.

పట్టిక ఉన్నంత మాత్రాన వాక్యం వినబడుతున్నట్టు కాదు. మూడు పాఠాలూ గబగబా, ఎవరికీ అర్థంకాకుండా చదివేసి, ఆ తర్వాత వాటిని ముట్టుకోకుండా పది నిమిషాలు నీతులు చెప్పి దిగిపోయే ప్రసంగాలు మా వైపు బోలెడు. మాకు ప్రతి ఆదివారానికీ ఒక అంశం కూడా ఇస్తారు. పర్యావరణ ఆదివారమో, కుటుంబ ఆదివారమో అయితే ప్రసంగం ఆ అంశం మీద నడిచిపోతుంది, పాఠాలు గోడ మీది క్యాలెండర్ బొమ్మలా మిగిలిపోతాయి. అలాంటి చోట నుంచి స్వతంత్ర సంఘాలకు వెళ్లిపోయినవాళ్లు "అక్కడ వాక్యం చెబుతారు" అంటే నేను తప్పు పట్టలేను. ఐతియోపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చక్కగా పైకే చదువుకుంటున్నాడు. అయినా ఎవరూ దారి చూపకపోతే ఎలా గ్రహించగలను అన్నాడు. సువార్తికుడైన ఫిలిప్పు రథమెక్కి ఆ లేఖనం దగ్గరే మొదలుపెట్టాడు. కాబట్టి పఠనం ఉంటే ప్రసంగం తగ్గించేయవచ్చని నేను చెప్పడం లేదు.

పట్టికలు కష్టమైన భాగాలను తప్పిస్తాయన్నది కూడా నిజం. 1992లో వచ్చిన, చాలా ప్రొటెస్టెంటు సంఘాలు వాడే ఉమ్మడి మూడేళ్ల పట్టికలో న్యాయాధిపతుల గ్రంథం నుంచి ఆదివారాలకు వచ్చేది ఒకే ఒక్క పాఠం, నాలుగో అధ్యాయం మొదటి ఏడు వచనాలు. అదే గ్రంథంలో తండ్రి మొక్కుబడికి బలైన యెఫ్తా కుమార్తె కథ, గిబియాలో అత్యాచారానికి గురై చనిపోయిన ఉపపత్నికి జరిగిన ఘోరం ఆదివారం సంఘం ఎన్నడూ వినదు. ఇంట్లో దెబ్బలు తింటూ గుడికి వచ్చే స్త్రీలున్న చోట ఆ మౌనం మంచిది కాదని నా అభిప్రాయం. వాటిని స్త్రీల సమాజం కూడికలోనో, వారం మధ్య బైబిలు స్టడీలోనో చదివించి మాట్లాడుకోవాలి.

"అందరి దగ్గరా బైబిలు ఉంది" అన్న మాట విషయం. మీది ఏ ఊరో నాకు తెలీదు. నేను పనిచేసిన పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లలో చదవడం రానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బైబిలు సంచీలో తెచ్చుకుంటారు, ఒళ్లో పెట్టుకుంటారు, చదవలేరు. వాళ్లకు తెలిసిన వాక్యమంతా చెవిన పడిందే. చదువు వచ్చినవాళ్ల సంగతికొస్తే, తెర మీద వేసే వచనం ముందూ వెనకా లేని ముక్క. ఫోన్‌లో బైబిలు తెరిస్తే వాట్సాప్ మెసేజ్ పైనుంచి దిగుతుంది. అమెరికాలో ఉన్న తెలుగు సంఘాల స్నేహితులు మరో ఇబ్బంది చెబుతారు: పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. వాళ్లకూ పైకి చదవడమే దారి.

సరే, మొదలుపెడితే ఎలా చేయాలి?

చదివేవాళ్లను ఆదివారం పొద్దున గుమ్మం దగ్గర పట్టుకోవద్దు. బుధవారానికల్లా భాగం చెప్పేయండి. ఇంట్లో బయటికి చదువుకుని రమ్మనండి. మన పాత అనువాదంలో వాక్యాలు పొడవు, క్రియ చివర్లో ఎక్కడో ఉంటుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోకపోతే పత్రికల్లో తప్పకుండా తడబడతారు. పెంతెకొస్తు ఆదివారం అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అంటూ పేర్ల వరస వస్తుంది. అది మాత్రం నేను పక్కన కూర్చుని ఒకసారి చదివిస్తాను. కథా భాగాలకు వాడుక భాష అనువాదం వాడవచ్చు. కీర్తనలకు పాతదే ఉంచండి, పెద్దలకు నోటికి వచ్చినవి అవే.

చదివే ముందు సందర్భం ఒక్క వాక్యంలో చెప్పాలి: "చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం" అంటే చాలు. అక్కడే చిన్న ప్రసంగం మొదలుపెట్టే ఉత్సాహవంతులు ఉంటారు, మర్యాదగా ఆపాలి. ప్రతి వచనానికీ సంఖ్య చదవక్కర్లేదు. చదువుతున్నప్పుడు కీబోర్డు ఆగాలి. ఇది పాటల బృందం పిల్లలతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే వెనకాల మెల్లగా వాయిస్తూనే ఉంటారు. చదివాక రెండు మూడు క్షణాలు ఎవరూ ఏమీ అనకుండా ఉండనివ్వండి. మన తెలుగు సంఘాల్లో ఆ రెండు క్షణాలు సాధించడమే అన్నిటికన్నా కష్టం. ఎవరో ఒకరు "హల్లెలూయ" అనేస్తారు.

ఎవరు చదవాలి? ఆడవాళ్లు, యవ్వనస్థులు, కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, అందరూ. గొంతు బాగున్న ఇద్దరికే అప్పజెప్పేస్తే అదో పదవి అయిపోతుంది.

నిడివి పదిహేను, ఇరవై వచనాలు చాలు. రెండు పాఠాలు కలిపి ఏడెనిమిది నిమిషాలు. సమయం ఎక్కడిదంటే ప్రకటనల్లోంచి తీయండి, ప్రసంగంలోంచి కాదు. ప్రసంగంలోంచి తీస్తే మీ పాస్టర్ గారు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని నేనూ అనను.

చివరగా, ఆయనతో ఎలా మాట్లాడాలి. పైన రాసిన జస్టిన్, కాల్విన్ పేర్లు పట్టుకుని వెళ్లకండి. తనకు పాఠం చెప్పడానికి వచ్చారనుకుంటారు. సంఘ పెద్దల్ని కూడగట్టి ఒత్తిడి పెట్టడం అసలే వద్దు, మన దగ్గర చీలికలు ఇంతకన్నా చిన్న విషయాలకే వచ్చాయి. శుక్రవారం ఫోన్ చేసి, "అయ్యగారూ, ఈ ఆదివారం మీరు ఏ అధ్యాయం నుంచి చెబుతున్నారు? ప్రసంగానికి ముందు ఆ అధ్యాయం మొత్తం నేను చదివి వినిపించనా?" అని అడగండి. ఆయన ఎంచుకున్న భాగమే కాబట్టి కాదనడానికి కారణం ఉండదు. అధ్యాయమంతా సంఘం విన్నాక ఆయన ప్రసంగమే ఆ అధ్యాయానికి కాస్త దగ్గరగా జరుగుతుంది, ఇది నేను చాలాచోట్ల చూశాను. అది కుదురుకున్నాక ఒక కీర్తన కలపండి. పాత నిబంధన పాఠం గురించి ఆ తర్వాత మాట్లాడవచ్చు. శ్రమల కాలంలో మార్కు సువార్త మొదలుపెట్టి ఈస్టరు లోపల ముగించడం అంత కష్టం కాదు. పదహారే అధ్యాయాలు, ఆదివారానికి రెండు, మిగిలినవి శుక్రవారం ఉపవాస కూడికల్లో చదివిస్తే సరిపోతుంది.